ఇస్లమొరాడా దీవులు – ఉప్పునీటి గాలపు రీలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ కోణమున ఫ్లోరిడా రాష్ట్రము సముద్రములోనికి చూపుడు వ్రేలివలె చాచుకొని యున్నది. ఆ వ్రేలి కొననుండి నైరృతి దిక్కుగా, తెగిన ముత్యాలసరమువలె చిన్న చిన్న దీవులు వరుసగా పడియున్నవి. వీనిని ఫ్లోరిడా కీస్ అందురు. దీవికిని దీవికిని నడుమ వంతెనలు కట్టి, 42 వంతెనల మీదుగా 113 మైళ్ళ పొడవున రాజమార్గము వేసినారు. ఆ మార్గమున దక్షిణముగా పోవువారికి ఎడమచేతి వైపున అట్లాంటిక్ మహాసముద్రము, కుడిచేతి వైపున ఫ్లోరిడా అఖాతము తోడుగా వచ్చుచుండును.

గత వేసవి సెలవులలో మేము మయామీ నగరమున నున్న మా చెల్లెలి యింటికి పోయి, అచ్చటినుండి ఆ దీవులలోని ఇస్లమొరాడా గ్రామమున నాలుగు దినములు వసించితిమి. మా వారు బడిపంతులు గనుక వేసవిలో తప్ప మాకు దూరప్రయాణము పొసగదు. మా చెల్లెలికి ఆ యూర నొక పని యుండెను. ఉప్పునీటిలో ఈకగాలముతో చేపలు పట్టుటకు తగిన రీలు నొకదానిని కొనవలెనని యామె రెండేండ్లుగా నెలనెలయు కొంత కూడబెట్టుకొనుచుండెను. రీలనగా గాలపుత్రాడు చుట్టుకొను చక్రము. ఒక చక్రమును కొనుట యింత పెద్దపనియా యని సోదరీమణులు అడుగవచ్చును. ఆ చక్రము మంచిచెడ్డలమీద ఒక ప్రాణి చావుబ్రదుకులు ఆధారపడి యుండుటచేతనే యీ సంగతి వ్రాయబూనితిమి.

ముందుగా ఆ యూరిని గూర్చి రెండు మాటలు. హెన్రీ ఫ్లాగ్లర్ అను ధనవంతుడు ఈ దీవులమీదుగా చిట్టచివరనున్న కీ వెస్ట్ పట్టణము వఱకు రైలుమార్గము వేయించెను. 1912లో అది పూర్తియయ్యెను. 1935వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ రాత్రి గొప్ప తుఫాను ఇస్లమొరాడా ప్రాంతమును తాకి, నాలుగువందలకు పైగా జనులను బలిగొన్నది. రైలుమార్గము పలుచోట్ల కొట్టుకొనిపోయెను. మఱల దానిని కట్టక, నిలిచిన వంతెనలనే వాడుకొని 1938లో మోటారు మార్గము నడిపించిరి. చనిపోయినవారి చితాభస్మము నుంచిన స్మారకశిల ఊరిలో రోడ్డు ప్రక్కనే యున్నది. గాలికి వంగిన చెట్లును, పొంగివచ్చు అలలును దానిపై చెక్కబడి యున్నవి. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మేము పుట్టకముందటిదే యైనను, దానిని గూర్చి చెప్పుకొనని యిల్లు మా వైపున లేదు. ఆ శిల యెదుట నిలిచినప్పుడు ఆ పరదేశపు గ్రామము మాకు పరాయిదిగా తోపలేదు.

ఆ దీవుల చుట్టును మైళ్ళకొలది నీరు మోకాలి లోతుననో నడుము లోతుననో మాత్రమే యుండును. మన వైపున నిట్టి తావులను పఱ్ఱలందురు. అడుగున సముద్రపు గడ్డియు, తెల్లని సున్నపు బురదయు నుండును. నీరు అద్దమువలె తేటగా నుండుటచే అడుగున ప్రాకు పీత సయితము కనబడును. ఒడ్డున మడచెట్లు వేళ్ళను నీటిలోనికి దించుకొని మన కృష్ణాతీరపు మడ యడవులను తలపించుచుండును. పోటు పెట్టినపుడు రొయ్యలను పీతలను మేయుటకై బోన్ ఫిష్ అను వెండివన్నె చేప పఱ్ఱలపైకి వచ్చును. అది తల క్రిందికి వంచి బురదను గెలుకునపుడు తోక నీటిపైన తళుక్కుమనును. నాలుగైదు పౌనుల చేపయే యైనను, గాలము తగిలినంతనే లోతునీటివైపు ఒక్క పరుగున నూఱు గజములకు మించి పోగలదు. టార్పన్ అను మఱియొక చేప నూఱు పౌనులకు పైబడి పెరుగును. ఆ జాతి ఆడుచేపలు ఏబది యేండ్లకు మించి జీవించును. అనగా మన తల్లుల యీడు చేపలు ఆ నీటిలో తిరుగుచున్నవన్న మాట. టార్పనుకు చెల్లెలివంటి చిన్నజాతి మన బంగాళాఖాతపు తీరమునను కలదు.

ఈ రెండు చేపలను పట్టువారు వానిని తినుటకు పట్టరు. ఫ్లోరిడా ప్రభుత్వపు నిబంధన ప్రకారము, 2013 నుండి వీనిని పట్టినవెంటనే ప్రాణముతో విడిచిపెట్టవలెను. రికార్డు కొఱకు ప్రత్యేకమైన చీటి కొన్నవారికి టార్పను విషయమున మాత్రము మినహాయింపు కలదు.

ఈ విద్యయందు ఇస్లమొరాడాకు పేరు తెచ్చినవారిలో ముగ్గురు అక్కచెల్లెండ్రున్నారని తెలిసి మాకు సంతోషము కలిగెను. బోనీ స్మిత్, ఫ్రాంకీ ఆల్‌బ్రైట్, బ్యూలా కాస్ అను నీ మువ్వురు గత శతాబ్దపు నడిమి భాగమున తామే పడవ నడుపుచు, దూరదేశములనుండి వచ్చినవారికి చేపలజాడ చూపు వృత్తి చేసిరి.

ఈకగాలమనగా ఎఱ లేని గాలము. ఈకలను, వెండ్రుకలను చిన్న కొక్కెమునకు దారముతో బిగించి రొయ్యపిల్లయో పీతపిల్లయో అని చేప భ్రమపడునట్లు కట్టుదురు. అది దూదివలె తేలికైనది. విసరుటకు దానియందు బరువు లేదు. కావున బరువును త్రాటియందే యుంచిరి. బోన్ ఫిష్ కొఱకు సాధారణముగా వాడు ఎనిమిదవ నంబరు త్రాటిలో మొదటి 30 అడుగులు 210 గ్రెయినులు తూగవలెనని కట్టడి. తొమ్మిదడుగుల కఱ్ఱతో ఆ త్రాటిని తలమీదుగా వెనుకకు ముందుకు ఆడించి, చేప ముందర చప్పుడు కాకుండ పడునట్లు విసరుదురు.

సెలయేళ్ళలో చిన్నచేపలను పట్టువారికి రీలు త్రాడు దాచుకొను బరిణ వంటిదే. చేప తగిలినను త్రాటిని చేతితోనే లాగికొనవచ్చును. ఉప్పునీటిలో అట్లు సాగదు. విసరు త్రాడు ముప్పది గజములు, చేప పరుగు నూఱు గజములు. అందుచే దాని వెనుక సన్ననిదియు గట్టిదియునైన మఱియొక త్రాటిని ఇన్నూఱు గజముల వఱకు ముందుగానే చుట్టియుంచవలెను. త్రాడెంత గట్టిదైనను, గాలము ముందర చేపకు కనబడకుండ ముడివేసిన సన్నని తంతువు పండ్రెండు పౌనుల లాగుడుకే తెగిపోవచ్చును. కావున చేప పరుగిడునపుడు చక్రము తిరుగవలెను గాని విచ్చలవిడిగా తిరుగరాదు. దానిని మితముగా పట్టియుంచు నిరోధమును డ్రాగ్ అందురు. మనము బ్రేకు అనుకొందము. ఉప్పునీటి రీలుకు ఆ బ్రేకే ప్రాణము.

మేము పోయిన దుకాణమున రీళ్ళను గాజుబీరువాలో నగలవలె అమర్చియుంచిరి. నీలపువి, పసిడివన్నెవి, ఎఱ్ఱనివి. వెల నూఱు డాలర్ల లోపలనుండి వేయి డాలర్లు దాటువఱకు కలదు. మా చెల్లెలి మూటలో నాలుగువందల డాలర్లున్నవి. మా మఱదిగారు కంటికి నచ్చిన పెద్ద చక్రమును చూపిరి. దుకాణపువాడు మా చెల్లెలిని ఎగాదిగా చూచి, ఆడువారికి తగునని ఒక చిన్న రీలును చేతి కిచ్చెను. ఆమె దానిని మెల్లగా బల్లపై పెట్టి, “నా చేయి చిన్నదైనంత మాత్రమున నేను పట్టు చేప చిన్నది కాదు గదా!” అనెను. అతడు నవ్వి, మాఱుమాట లేక వేఱొక అఱ తెఱచెను. జోన్ వుల్ఫ్ అను స్త్రీ 1951లో పురుషులతో పోటీపడి త్రాడు విసరు పందెమున గెలిచినదనియు, 1960లో 161 అడుగుల దూరము విసరినదనియు మా చెల్లెలు మాకు తెలుగున చెప్పెను.

పిమ్మట ఆమె యొక్కొక్క రీలును పరీక్షించిన తీరు మాకు ముచ్చటగొల్పెను. మొదట త్రాటి కొనను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగును. కొన్ని చక్రములు క్షణము మొరాయించి, తటాలున కదలును. ఆ మొరాయింపే తంతువును తెంపును. మంచి చక్రము, మగ్గిన పాలపై మీగడ జరిగినట్లు, ఎప్పుడు కదిలినదో తెలియకుండ కదలును. బ్రేకు ఎంత బిగువుగా పట్టగలదన్నదానికన్న, ఎంత నెమ్మదిగా వదలగలదన్నదే ముఖ్యమని యామె చెప్పెను.

రెండవది చక్రపు నడిమి బొడ్డు. అది లావుగా నుండవలెను. ఇందలి కారణమును మా వారు బిల్లు వెనుక బొమ్మ గీచి చూపిరి. తిరుగలి పిడి అంచున నుండుటచే సులభముగా త్రిప్పుచున్నాము. అదే పిడిని నడుమకు జరిపినచో ఎంత శ్రమ! రీలు సంగతియు నట్టిదే. త్రాడు నిండుగా నున్నపుడు చేప చక్రపు అంచునుండి లాగును. త్రాడు తఱిగిన కొలది చుట్టు చిన్నదగును. బ్రేకు మాఱకున్నను చేప మఱింత బలముతో లాగవలసి వచ్చును. చుట్టు సగమైనచో లాగుడు రెండింతలగును. మూడు పౌనులకు సరిచేసిన బ్రేకు ఆఱు పౌనులదగును. దానికి తోడు నీటిలో ఈడ్చుకొనిపోవు పొడుగుపాటి త్రాటి భారమొకటి. చేప దూరమైన కొలది తెగు భయము హెచ్చును. బొడ్డు లావుగా నున్న చక్రమునందు చుట్టు అంతగా చిన్నది కాదు. పైగా త్రాటిని మఱల చుట్టుకొనునపుడు ఒక్కొక్క త్రిప్పుకు ఎక్కువ త్రాడు వచ్చును. అందుచే తంతువు బలములో నాలుగవపాలు మించకుండ బ్రేకును స్ప్రింగు త్రాసుతో ముందుగానే సరిచూచుకొనుట మంచిదట.

మూడవది లోహము. ఉప్పు గాలియే మన యింటి తాళములను తినివేయునే, ఉప్పునీటిని గూర్చి చెప్పవలెనా? అల్యూమినియము దిమ్మను తొలిచి చేసిన చక్రము పోతపోసినదానికన్న గట్టిది. దానిపై విద్యుచ్ఛక్తి సాయముతో గట్టిపఱచిన పొర యుండవలెను గాని, వట్టి రంగు చాలదు. నాలుగవది బ్రేకును మూసినారా, తెఱచినారా యనునది. బెండుబిళ్ళతో చేసిన పాతపద్ధతి బ్రేకు మిక్కిలి మెత్తగా పనిచేయును గాని, దానికి అప్పుడప్పుడు జిడ్డు రాయవలెను, ఇసుక చొరకుండ కాపాడవలెను. నీరు చొరకుండ మూసిన బ్రేకుకు ఆ సేవ లేదు. ఉద్యోగమును ఇల్లును చక్కబెట్టుకొను తనకు మూసినదే తగునని మా చెల్లెలు నిశ్చయించుకొనెను. చివరకు రంగులు లేని బూడిదవన్నె రీలు నొకదానిని 380 డాలర్లకు కొనెను. తన చేతివాటమును బట్టి ఎడమచేత చుట్టుకొనునట్లు దానిని అమర్పించుకొనెను.

ఆ రాత్రి భోజనానంతరము మా మనస్సులోని సంశయమును బయటపెట్టితిమి. మా ఊరి పల్లెకారులు పొట్టకొఱకు వల వేయుదురు, దానిని కాదనువారెవరు? తినని చేపను గాలముతో గ్రుచ్చి, అలయించి, మఱల విడుచుట యేమి వినోదమని యడిగితిమి. మా చెల్లెలు కొంతతడవు ఆలోచించి యిట్లనెను. “అక్కయ్యా, నీవన్నది కాదనను. కాని ఈ చేప బ్రదికియుండుట వలననే యీ యూరు బ్రదుకుచున్నది. అందువలననే ఈ మడచెట్లను, ఈ గడ్డిని కాపాడవలెనని పట్టుపట్టు జనులున్నారు.” మా మఱదిగారు మఱియొక సంగతి తెలిపిరి. 1994లో ఆ రాష్ట్రపు ప్రజలు ఓటు వేసి, చేపలు మొప్పలకు తగులుకొను వలలను తమ తీరపు నీటిలో నిషేధించిరి. మఱుసటి యేడు అది అమలయ్యెను. చేపలకు మేలు కలిగినను, ఆ వలలపైననే జీవించు కుటుంబములకు వృత్తి పోయెను. మాకు ఆ కుటుంబముల తలంపే యెక్కువ బాధ కలిగించెను. వినోదమునకు పట్టువాడు నిలిచి, కూటికి పట్టువాడు తొలగెను గదా! అట్లు మిగిలినవారిపై బాధ్యత యింకను ఎక్కువయని మా చెల్లెలే యొప్పుకొనెను. చేపను త్వరగా దరిచేర్చి, తిన్నగా విడువవలెను. బ్రేకు చెడ్డదైనచో చేప గంటకొలది అలసి, విడిచినను బ్రదుకదు. మంచి రీలుకు డబ్బు కూడబెట్టుటకు కారణమదియే యని చెప్పెను.

మఱునాటి యుదయమున పోటు వేళకు పడవ నెక్కితిమి. పఱ్ఱపైకి రాగానే యంత్రము నాపి, పడవవాడు వెనుకనున్న మంచె యెక్కి ఇరువదడుగుల గడతో చప్పుడు లేక పడవను నెట్టసాగెను. వారు దిక్కులను గడియారపు ముఖమువలె చెప్పుదురు. పడవ ముక్కు పండ్రెండు గంటలు. “పదిగంటల దిక్కున, నలువదడుగుల దూరమున” అని యతడు మెల్లగా పలికెను. మా కన్నులకు నీరే కనబడెను. మా చెల్లెలు త్రాడు విసరెను. రెండు మాఱులు కొద్దికొద్దిగా లాగునంతలో త్రాడు బిగిసి, రీలు పాడసాగెను. పిడి గిఱ్ఱున వెనుకకు తిరుగునపుడు వ్రేళ్ళు దగ్గఱ పెట్టరాదు. ఎముక విరుగునంతటి వేగము. ఆమె చేతులు దూరముగా నుంచి, కఱ్ఱను పైకెత్తి నిలిచెను. విసరుత్రాడంతయు పోయి, వెనుకటి సన్నత్రాడు నూఱు గజముల వఱకు వెడలినను చక్రము ఒక్కసారియైనను మొరాయింపలేదు.

చేప అలసి తిరిగి వచ్చుచుండగా, గడ్డిపై నల్లని నీడ యొకటి దాని వెంట కదలెను. సొరచేప! పడవవాడు బ్రేకు వదలుమని కేక వేసెను. మా చెల్లెలు తడవుచేయక బ్రేకు మీటను తుదవఱకు వెనుకకు త్రిప్పి, త్రాడు చిక్కుపడకుండ చక్రపు అంచుపై అఱచేతిని తేలికగా ఆనించెను. బంధము వీడిన చేప బాణమువలె దూసికొనిపోయెను. పడవవాడు గడతో నీటిని బాదుచు పడవను రెంటికిని నడుమకు త్రోసెను. ఎంతసేపు గడచెనో మేమెఱుగము. మా వారు మా చేతిని గట్టిగా పట్టుకొనియుండిరి. నీడ మెల్లగా మళ్ళి లోతునీటిలోనికి పోయెను. పట్టుటకని కొన్న చక్రము ఆ వేళ విడుచుటచేత తన వెల నిలుపుకొనెను.

పిదప మఱల బ్రేకు బిగించి చేపను పడవ ప్రక్కకు తెచ్చిరి. దానిని గాలిలోనికి ఎత్తలేదు. గాలిలో ఎక్కువసేపు ఉంచిన బోన్ ఫిష్ నీటిలో వదలినను తూకము తప్పి, సొరచేపల వాత పడునట. కొక్కెపు ముల్లును ముందే నొక్కియుంచుటచే గాలము సులభముగా ఊడివచ్చెను. మా చెల్లెలు మోకరించి, తడిచేతులతో దాని పొట్టక్రింద పట్టి నీటిలోనే నిలిపెను. భాగవతమున సత్యవ్రతుని దోసిట పడిన చిన్నచేప, తనను నీటిలోని క్రూరజంతువులకు విడువవద్దని వేడుకొన్న కథ మాకు స్ఫురించెను. తోక ఒకమాఱు బలముగా ఆడెను. వ్రేళ్ళనుండి జాఱి, మడచెట్ల వేళ్ళ దిక్కుగా పోయి, కనుమఱుగయ్యెను. తరువాత మా చెల్లెలు కఱ్ఱను మాకందిచ్చి, విసరి చూడుమని కోరెను. మేము పుచ్చుకొనలేదు. మాకు చూచుటయే చాలును.

ఈ పనికి పూనుకొను సోదరీమణులు విదేశములందున్న మన తెలుగువారిలోను ఉండవచ్చును గనుక, మేము చూచి నేర్చినది సంగ్రహముగా చెప్పుదుము. రీలును రంగు చూచి కొనరాదు, బరువు చూచి కొనరాదు, స్త్రీకి తగినదని యెవరో చెప్పగా కొనరాదు. త్రాటిని వ్రేళ్ళతో లాగి, మొరాయింపక కదలునో లేదో చూడవలెను. లావైన బొడ్డును, ఉప్పునకు లొంగని పొరను, ఇన్నూఱు గజముల త్రాటికి చోటును చూడవలెను. టార్పను కొఱకైనచో ఇంకను పెద్దది కావలెను. ఇంటికి రాగానే మంచినీటిని సన్నగా పోసి కడుగవలెను. నీటిని వడిగా కొట్టినచో ఉప్పు లోపలికి చొచ్చును. తడి ఆఱిన తరువాత బ్రేకును పూర్తిగా సడలించి దాచవలెను. ఎల్లవేళల బిగించియుంచిన బ్రేకు, ఎల్లవేళల గద్దించు పెద్దదిక్కువలె, అవసరమైననాడు పనికిరాకుండ పోవును.